లెన్స్ ఎక్కుతుంది సరే, ఫోకస్ అవుతుందా? చిన్న బాడీకి లెన్స్ ఎంచుకునేవారికి

పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక వరంగల్, హన్మకొండ, కరీంనగర్ స్టూడియోల్లో పాత లెన్సులు అమ్మకానికి కనిపిస్తుంటాయి. నికాన్ 50 ఎంఎం, 85 ఎంఎం, అదృష్టం బాగుంటే వెలుతురు ఎక్కువగా తీసుకునే ఎఫ్ 2.8 జూమ్ కూడా దొరుకుతుంది. ధర చూస్తే చేయి ఆగదు. "నా డి3500 కెమెరాకి ఎక్కుతుందా?" అంటే "ఎందుకెక్కదన్నా, నికానే కదా" అంటారు. అందులో అబద్ధం లేదు. లెన్స్ ఎక్కుతుంది, టక్కున లాక్ కూడా పడుతుంది. షట్టర్ బటన్ సగం నొక్కి చూస్తే మాత్రం లెన్స్‌లో చలనం ఉండదు.

లెన్స్ పాడవలేదు, కెమెరా పాడవలేదు. ఆ రెండింట్లో ఎందులోనూ మోటార్ లేదు, అంతే. మొదటి కెమెరా కొంటున్నవాళ్లు, ఉన్న కెమెరాకు రెండో లెన్స్ వెతుకుతున్నవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. నా సలహా ముందే చెప్పేస్తాను: ఏ లెన్సులు వాడబోతున్నారో తేల్చుకున్నాకే బాడీ కొనండి. మెగాపిక్సెళ్లు, కిట్‌తో ఇచ్చే బ్యాగు, మెమరీ కార్డు తర్వాత చూసుకోవచ్చు.

## ముందు చూడాల్సినవి

మొదటిది, ఫోకస్ గాజును కదిలించే మోటార్ ఎక్కడుంది? కొన్ని లెన్సుల్లో మోటార్ లోపలే ఉంటుంది. కొన్నిటికి బాడీలోని మోటార్ కావాలి. బాడీ మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) నుంచి స్క్రూడ్రైవర్ కొనలాంటి చిన్న పిన్ను బయటికొచ్చి, లెన్స్ వెనకున్న గాడిలో కూర్చుని తిప్పుతుంది. అందుకే వీటిని స్క్రూ డ్రైవ్ లెన్సులు అంటారు.

రెండోది, లెన్స్‌లో మోటార్ ఉన్నా దాన్ని నడపడం ఆ బాడీకి వచ్చా? కొత్త రకం మోటార్లను పాత బాడీలు గుర్తించవు. ఈ సంగతి చాలామంది కొన్నాకే తెలుసుకుంటారు.

మూడోది, తక్కువ వెలుతురులో ఫోకస్ ఎంత గట్టిగా పట్టుకుంటుంది? ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాల్లో) ఫోకస్ పాయింట్లు, అంటే కెమెరా ఫోకస్ పట్టే చోట్లు తక్కువ, వాటిలో క్రాస్ టైప్‌వి మరీ తక్కువ. నిలువు గీతలనూ అడ్డ గీతలనూ రెండింటినీ పట్టుకోగలిగేది క్రాస్ టైప్ పాయింటే. డి3500లో 11 పాయింట్లుంటే క్రాస్ టైప్ మధ్యలోది ఒక్కటే. కెనాన్ 1500డి, 200డి మార్క్ 2లో 9కి ఒకటి. డి5600లో 39కి 9, డి7200లో 51కి 15. రామప్ప గుడిలో ఈ తేడా చేతికి తెలుస్తుంది. నల్లటి డోలరైట్ రాతి మదనిక శిల్పం నీడలో ఉన్నప్పుడు అంచు పాయింట్‌తో ఫోకస్ చేయబోతే లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుకుతూనే ఉంటుంది. స్టూడియోవాళ్లు 'హంటింగ్' అనేది దీన్నే. మధ్య పాయింట్‌ను ఆమె కంఠహారం చెక్కిన అంచు మీద పెడితే పట్టుకుంటుంది. నునుపైన నల్ల రాతిలో కెమెరాకు ఆసరా దొరికేది అలాంటి అంచుల దగ్గరే.

వీడియో తీసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కన్ను ఆనించే వ్యూఫైండర్‌లో చూసి తీసినప్పుడు పనిచేసే ఫోకస్ వ్యవస్థ వేరు, స్క్రీన్ మీద చూసి తీసినప్పుడు పనిచేసేది వేరు. డి3500, 1500డి వ్యూఫైండర్‌లో చురుగ్గానే ఉంటాయి, లైవ్ వ్యూలోకి వస్తే నత్తనడకే.

## నికాన్: చిక్కంతా ఇక్కడే

నికాన్ 1959 నుంచి ఎస్‌ఎల్‌ఆర్‌లకు, డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఎఫ్ మౌంట్‌నే కొనసాగించడంతో పాత లెన్స్ వాటిలో కొత్త బాడీకి ఎక్కుతుంది. ఆ మంచితనమే ఇప్పుడు అయోమయానికి మూలం. 2006లో వచ్చిన డి40 నుంచి చిన్న బాడీల్లో ఫోకస్ మోటార్ తీసేశారు. డి3000 నుంచి డి3500 వరకు, డి5000 నుంచి డి5600 వరకు ఏ బాడీలోనూ అది లేదు. డి90, డి7000, డి7100, డి7200, డి7500లో ఉంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) డీఎస్‌ఎల్‌ఆర్‌లలోనూ ఉంది.

లెన్స్ మీద రాసి ఉండేవి మూడు రకాలు. 'ఏఎఫ్' (ఆటోఫోకస్) అని మాత్రమే ఉండి వెనక 'డి' ఉంటే (50 ఎంఎం 1.8డి, 85 ఎంఎం 1.8డి లాంటివి) మోటార్ లోపల లేదు. 'ఏఎఫ్-ఎస్' అని ఉంటే ఉంది. 'ఏఎఫ్-పీ' అని ఉంటే కొత్త రకం స్టెప్పింగ్ మోటార్ ఉంది.

'డి' కనపడగానే వద్దనుకోకండి. 300 ఎంఎం ఎఫ్ 4 చూడండి. పాతది 'ఏఎఫ్', దాని తర్వాతది 'ఏఎఫ్-ఎస్ 300 ఎంఎం ఎఫ్ 4డి'. రెండోదాని పేరులో డి ఉన్నా మోటార్ లోపలే ఉంది కాబట్టి డి3500 మీద చక్కగా ఫోకస్ అవుతుంది. చూడాల్సింది ఏఎఫ్ పక్కన ఎస్ ఉందా అన్నది.

ఏఎఫ్-పీ కథ దీనికి తలకిందులు. డి3400, డి3500, డి5600, డి7500 మీద హాయిగా పనిచేస్తుంది. డి3300, డి5300, డి5500కి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాలి. డి5200, డి7100, డి7200 మీద పనిచేస్తుంది కానీ, కెమెరా మీటర్ నిద్రపోయి లేచాక ఫోకస్ జరిగిపోవచ్చు. డి3100, డి3200, డి5100, డి7000, డి90 మీద అసలు పనిచేయదు. పనిచేయదంటే మాన్యువల్ ఫోకస్ కూడా రాదని అర్థం. ఆ లెన్సుల్లో రింగు తిప్పినా గాజును కదిపేది మోటారే కాబట్టి, బాడీ మోటార్‌ను గుర్తించకపోతే రింగు ఊరికే తిరుగుతుంది. అన్న దగ్గరున్న డి3500తో వచ్చిన కిట్ లెన్స్ (ఏఎఫ్-పీ) తీసుకుని తమ్ముడి డి3200కి వేస్తే జరిగేది ఇదే. ఇద్దరూ ఒకరి కెమెరాను ఒకరు తిట్టుకుంటారు.

| లెన్స్ | డి3500, డి5600 | డి90, డి7000 | డి7200 | డి7500 | జెడ్30, జెడ్50 + ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ |
|---|---|---|---|---|---|
| ఏఎఫ్, ఏఎఫ్-డి (స్క్రూ డ్రైవ్) | మాన్యువల్ మాత్రమే | ఆటోఫోకస్ అవుతుంది | అవుతుంది | అవుతుంది | మాన్యువల్ మాత్రమే |
| ఏఎఫ్-ఎస్ | అవుతుంది | అవుతుంది | అవుతుంది | అవుతుంది | అవుతుంది |
| ఏఎఫ్-పీ | అవుతుంది | అస్సలు కాదు | కొన్ని పరిమితులతో | అవుతుంది | అవుతుంది |

మొదటి వరుసలో చివరి గడి మళ్లీ చూడండి. నికాన్ మిర్రర్‌లెస్‌కు (జెడ్30, జెడ్50 లాంటి అద్దం లేని కెమెరాలకు) మారితే పాత డి లెన్సులకు మోక్షం దొరుకుతుందనుకుంటారు. ఎఫ్ మౌంట్ లెన్సులను వాటికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ స్క్రూ తిప్పే మోటార్ లేదు. రెండో వెర్షన్‌లోనూ లేదు.

మోటార్ లేని బాడీ మీద డి లెన్స్ పూర్తిగా దండగా అంటే అదీ కాదు. ఎక్స్‌పోజర్ మీటరింగ్ (వెలుతురు కొలవడం) పనిచేస్తుంది. రింగు చేత్తో తిప్పుతుంటే ఫోకస్ కుదిరినప్పుడు వ్యూఫైండర్ కింద ఎడమవైపు పచ్చ చుక్క వెలుగుతుంది. వేయిస్తంభాల గుడి నందిని, కోట తోరణాన్ని, ఎదురుగా ఓపిగ్గా కూర్చున్న తాతయ్యను తీయడానికి అది చాలు. పద్మాక్షి గుండం దగ్గర సద్దుల బతుకమ్మకు మాత్రం చాలదు. ఆడేవాళ్లు వలయంగా తిరుగుతుంటారు, చీకటి పడుతుంటుంది, మీకు కావలసిన ముఖం పచ్చ చుక్క వెలిగే లోపే పక్కకు వెళ్లిపోతుంది.

డి లెన్స్‌కు ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మార్చే రింగు కూడా ఉంటుంది. దాన్ని చివరి అంకె మీద, అంటే 16 లేదా 22 మీద పెట్టి లాక్ చేయాలి. లేకుంటే స్క్రీన్ మీద 'ఎఫ్‌ఈఈ' అని వచ్చి కెమెరా మొండికేస్తుంది. ఇది చూసి భయపడి మంచి లెన్సులు వెనక్కి ఇచ్చేసేవాళ్లున్నారు.

## కెనాన్: టెన్షన్ తక్కువ

1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడే కెనాన్ మోటార్‌ను లెన్స్‌లో పెట్టేసింది. అందువల్ల ఫిల్మ్ ఈఓఎస్ కెమెరాల రోజుల ఈఎఫ్ జూమ్ తెచ్చి 3000డికి వేసినా ఫోకస్ అవుతుంది. ఈఎఫ్-ఎస్ లెన్సులు 1500డి, 200డి లాంటి చిన్న సెన్సర్ బాడీలకు, ఈఎఫ్ లెన్సులు చిన్న సెన్సర్, ఫుల్ ఫ్రేమ్ బాడీలు రెండింటికీ. మోటార్ గురించి ఇంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు. సెకండ్ హ్యాండ్ లెన్సులతో బండి నడపాలనుకునే కొత్తవాళ్లకు నేను మొదట కెనాన్ పేరు చెప్పేది ఇందుకే.

మోటార్లన్నీ ఒకేలా ఉండవు మరి. 50 ఎంఎం 1.8 పాత రెండో వెర్షన్ గరగరమంటుంది. 2015లో వచ్చిన ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటార్) వెర్షన్ మెత్తగా కదులుతుంది, 35 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది. వీడియో తీస్తే ఎస్‌టీఎం తప్ప వేరేది చూడకండి. బాడీల్లో కూడా 200డి మార్క్ 2లో డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఉంది, స్క్రీన్ మీద చూసి తీసినా వేగంగా పట్టుకుంటుంది. 1500డి, 3000డిలో లేదు. ధరలో తేడాకు అసలు కారణం ఇదే అనుకోండి.

రెండు చిన్న చికాకులు. ఈ బాడీలు చీకట్లో ఫోకస్‌కు సాయంగా పాప్‌అప్ ఫ్లాష్‌ను టపటపా కొడతాయి, జీలకర్ర బెల్లం వేళ పంతులుగారు గుర్రుగా చూస్తారు. 200డి మార్క్ 2 హాట్ షూలో (పైన ఫ్లాష్ తగిలించే చోట) మధ్య పిన్ను లేదు కాబట్టి స్టూడియోల్లో వాడే సింగిల్ పిన్ ఫ్లాష్ ట్రిగ్గర్లు దాని మీద పేలవు.

## మిర్రర్‌లెస్ చిన్న బాడీలు

కెనాన్ ఆర్50, ఆర్100కి అడాప్టర్ వేస్తే ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులన్నీ ఆటోఫోకస్ అవుతాయి. అడాప్టర్‌లో గాజు ఉండదు, నాణ్యత తగ్గదు. వాటి సొంత ఆర్‌ఎఫ్ లెన్స్ మాత్రం పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఎక్కదు, దారి ఒకవైపే. ఇంట్లో ఇప్పటికే రెండు మూడు కెనాన్ లెన్సులుంటే అన్నిటికన్నా సాఫీ దారి ఇది.

సోనీ జెడ్‌వీ-ఈ10, ఏ6100, ఏ6400ల మౌంట్ పేరు 'ఈ' (E). ఆ మౌంట్ ఆటోఫోకస్ లెన్సులన్నిటిలో మోటార్ లోపలే ఉంటుంది. సిగ్మా, టామ్రాన్ కూడా ఈ మౌంట్‌కు మంచి లెన్సులు చేస్తున్నాయి. ఇక్కడ ఉచ్చు వేరు: తక్కువ ధరకు దొరికే ఎఫ్ 1.4, ఎఫ్ 1.2 చైనా లెన్సుల్లో చాలావరకు పూర్తి మాన్యువల్. బాక్సు మీద 'ఏఎఫ్' అన్న రెండక్షరాలు ఉన్నాయో లేవో చూడండి. కెనాన్ ఈఎఫ్ లెన్సును అడాప్టర్‌తో సోనీకి వేయడం ఫొటోలకు కాస్త నడుస్తుంది, వీడియోకు నమ్ముకోకండి. జెడ్‌వీ-ఈ10కి వ్యూఫైండర్ లేదు, ఎర్రటి ఎండలో లక్నవరం గట్టు మీద స్క్రీన్ చూడ్డం కష్టమే.

## సిగ్మా, టామ్రాన్, టోకినా, యాంగ్‌నువో

వేరే కంపెనీ లెన్స్ కొనేటప్పుడు 'నికాన్ మౌంట్' అన్న మాట చాలదు. టామ్రాన్ 17-50 ఎఫ్ 2.8 నికాన్‌కు రెండు రకాలుగా వచ్చింది: ఏ16 మోటార్ లేకుండా, ఏ16ఎన్2 మోటార్‌తో. బయటికి రెండూ కవలల్లా ఉంటాయి. టామ్రాన్ 70-300 మాక్రోదీ అదే కథ. టోకినా 11-16 మొదటి వెర్షన్‌లో నికాన్‌కు మోటార్ లేదు, రెండో వెర్షన్‌లో ఉంది. సిగ్మాలో 'హెచ్‌ఎస్‌ఎం' అని ఉంటే మోటార్ ఉన్నట్టు. యాంగ్‌నువో 50 ఎంఎం 1.8 నికాన్ వెర్షన్‌లో మోటార్ ఉంది, అందుకే డి3500 వాళ్లు దాన్ని చవకలో కొంటుంటారు. డబ్బు కొంచెం పెట్టగలిగితే నికాన్ వారి ఏఎఫ్-ఎస్ 35 ఎంఎం 1.8జి తీసుకోమంటాను. చిన్న సెన్సర్ మీద 50 ఎంఎం అంటే 75 ఎంఎం చూపు, మన ఇళ్ల గదుల్లో వెనక్కి జరగడానికి చోటుండదు.

కెనాన్‌కు ఫిల్మ్ కాలపు సిగ్మా లెన్స్ వేస్తే డిజిటల్ బాడీ ఎర్రర్ చూపించే అవకాశం ఉంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచితే ఫొటో వస్తుంది, ఎఫ్ 8 పెట్టగానే ఆగిపోతుంది. కాబట్టి షాపులో ఎఫ్ 8లో కూడా ఒక ఫొటో తీసి చూడాలి.

ఎఫ్ 1.4 లెన్సులకు ఇంకో తిరకాసు. ఫోకస్ అయిందని కెమెరా చెబుతుంది, ఫొటోలో కన్ను బదులు చెవి షార్ప్‌గా ఉంటుంది. దీన్ని సరిచేసే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ డి7200, డి7500లో ఉంది. డి3500, డి5600, 1500డి, 200డి మార్క్ 2లో లేదు. సిగ్మా ఆర్ట్ లెన్స్ అయితే యూఎస్‌బీ డాక్ కొని లెన్స్‌నే సరిచేసుకోవచ్చు. సెన్సర్ మీదే ఫోకస్ చూసుకునే మిర్రర్‌లెస్‌లలో ఈ గొడవ దాదాపు లేదు.

తంగేడు, గునుగు పూలను దగ్గరగా తీయడానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొనేవాళ్లకు ఒక మాట: లోపల ఇత్తడి రంగు కాంటాక్టులు లేని చవక ట్యూబుతో ఆటోఫోకస్ పోతుంది, కొత్త లెన్సుల్లో ఎపర్చర్ మార్చడమూ పోతుంది.

## ఎవరికి ఏది

ఇంట్లోనో స్టూడియోలోనో పాత నికాన్ డి లెన్సులు రెండు మూడున్నవాళ్లు కొత్త చిన్న బాడీ జోలికి పోవద్దు. బాగున్న పాత డి7200 తీసుకోండి. స్క్రూ మోటార్, ఫైన్ ట్యూన్, 15 క్రాస్ పాయింట్లు అన్నీ ఒకచోట దొరుకుతాయి. బరువెక్కువ, స్క్రీన్ తిరగదు, వీడియోలో స్క్రూ శబ్దం మైకులో పడుతుంది. అయినా ఆ లెన్సులకు న్యాయం జరిగేది అక్కడే. ఫిల్మ్ నాటి ఎఫ్‌ఎం10 కెమెరాతో వచ్చిన మాన్యువల్ లెన్స్ ఒక్కటే ఉంటే దానికోసం బాడీ వెతకొద్దు. డి3500 మీద దానికి మీటరింగ్ కూడా రాదు.

డి3500 లేదా డి5600 ఇప్పటికే చేతిలో ఉంటే బాడీ మార్చకుండా ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకే పరిమితం కండి. ఈ బాడీల మీద ఏఎఫ్-పీ 70-300 నిశ్శబ్దంగా, వేగంగా ఫోకస్ అవుతుంది. పాకాల చెరువు దగ్గర నీళ్ల మీద ఎగిరే కొంగను ఏఎఫ్-సి మోడ్‌లో (ఫోకస్ ఆగకుండా మారుతుండే మోడ్‌లో) వెంటాడటానికి పనికొస్తుంది. తెల్లవారుజామున మాత్రం దాని ఎఫ్ 6.3 కొసన తడబడుతుంది. ఇదే డబ్బుకు పాత స్క్రూ డ్రైవ్ 300 ఎఫ్ 4 దొరికిందని ఆశపడితే, కొంగ వెళ్లిపోయాక మీరింకా రింగు తిప్పుతూనే ఉంటారు.

పెళ్లిళ్లకు అసిస్టెంట్‌గా వెళుతూ సొంత కెమెరా కొనాలనుకునే కుర్రాళ్లు ముందు మీ గురువుగారి బ్యాగులో ఏముందో చూడండి. ఆయన కెనాన్ వాడితే మీదీ కెనానే. 200డి మార్క్ 2 బాడీ, 50 ఎంఎం ఎస్‌టీఎం చాలు, పెద్ద లెన్స్ అవసరమైన రోజు ఆయనది అడిగి తగిలించుకోవచ్చు. ఆయన నికాన్ వాడితే, లెన్సుల మీద ఏఎఫ్-ఎస్ ఉందా డి ఉందా చూశాకే బాడీ తేల్చుకోండి. ఇంకో సంగతి, తలంబ్రాలప్పుడు అన్ని పాయింట్లూ ఆన్‌లో ఉంచితే ఫోకస్ గాల్లో ఎగిరే బియ్యం మీద పడుతుంది. ఏ బాడీ అయినా ఒక్క పాయింట్ ఎంచుకుని పెళ్లికూతురి కంటి మీద పెట్టండి.

యూట్యూబ్‌కు వంటలో, పల్లె కబుర్లో తీసేవాళ్లకు డీఎస్‌ఎల్‌ఆర్ ఇప్పుడు సిఫారసు చేయను. జెడ్‌వీ-ఈ10 లేదా ఆర్50. లెన్సులు కొత్తవే కొంటామంటే సోనీ, ఈఎఫ్ లెన్సులు ఇంట్లో ఉంటే ఆర్50. నికాన్ జెడ్30 కూడా మంచిదే, పాత డి లెన్సుల మీద ఆశ పెట్టుకోనంతవరకు.

కాలేజీ పిల్లలకు, డబ్బు లెక్క చూసుకోవాల్సినవాళ్లకు సెకండ్ హ్యాండ్ 200డి, 55-250 ఎస్‌టీఎం, 50 ఎస్‌టీఎం. రామప్పకూ మేడారానికీ ఈ మూడింటితో వెళ్లి రావచ్చు.

## షాపులో చూసుకోవాల్సింది

మీ బాడీ వెంట తీసుకెళ్లండి. కెమెరా ఆఫ్ చేసి లెన్స్ ఎక్కించి, లెన్స్ మీది స్విచ్ 'ఏ' వైపు ఉందో లేదో చూడండి, పాత లెన్సుల్లో ఇది 'ఎం' మీదే ఉండిపోతుంది. దగ్గరున్న కౌంటర్ మీదా, రోడ్డుకు అవతలి బోర్డు మీదా మార్చి మార్చి ఫోకస్ చేయండి. లైట్లు తగ్గించమని అడిగి మళ్లీ చేయండి. డి7200 లాంటి బాడీ కొంటుంటే లెన్స్ తీసి మౌంట్‌లో చూడండి: ముందువైపు ఫోకస్ మీటను ఏఎఫ్‌కు తిప్పితే పిన్ను బయటికి రావాలి, ఎంకు తిప్పితే లోపలికి పోవాలి. వానాకాలం గడిపిన లెన్స్ అయితే వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి కొట్టి ఫంగస్ చూడండి, సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది.

మంచిర్యాల నుంచో నిర్మల్ నుంచో ఎవరైనా ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే, లెన్స్ ముందు గాజు ఫొటోతో సరిపెట్టుకోవద్దు. వెనక మౌంట్ ఫొటో అడగండి. నికాన్ లెన్స్ వెనక లోహపు వలయంలో స్క్రూ తలకాయలాంటి గాడి కనిపిస్తే అది బాడీ మోటార్ అడిగే లెన్స్, డి3500, డి5600 ఉన్నవాళ్లు బేరం అక్కడే ఆపేయొచ్చు. గాడి లేకుండా కాంటాక్టులు మాత్రమే ఉంటే పేరులో ఏఎఫ్-ఎస్సో ఏఎఫ్-పీయో చదివి, పై పట్టికలో మీ బాడీ గడి చూసుకుని ధర మాట్లాడండి.